హారం తెలిసిన కొలువు: జనారోగ్య నర్సింగ్‌లో దారి ఎంచుకునే వారికి

నర్సింగ్ చివరి ఏడాది విద్యార్థులను క్షేత్ర శిక్షణ కోసం హైదరాబాదు బస్తీలకు తీసుకువెళ్లే పని నేను చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ శిక్షణ ముగిసే వారంలో కనీసం ఇద్దరు ముగ్గురు నా దగ్గరకు వస్తారు. ఆసుపత్రి వార్డుకన్నా ఈ పనే తమకు నచ్చిందని, అయితే ఇందులో ఏ ఉద్యోగానికి వెళ్లాలో, ముందుగా పై చదువుకు పోవాలో తేల్చుకోలేకపోతున్నామని అడుగుతారు. బీఎస్సీ చదివి ఇంటింటికీ తిరగడమేమిటని ఇంట్లో పెద్దలు అంటున్నారన్న మాట కూడా తరచుగా వింటాను. ఆ పిల్లలకు విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ కొలువులను జీతం, దూరం, రాత్రి డ్యూటీ లెక్కన పోల్చుకోవడం సహజమే. వాటి గురించి కూడా చెబుతాను. అన్నిటికన్నా ముందు మాత్రం ఒక ప్రశ్న వేసుకోమంటాను: ఈ ఉద్యోగంలో నా పనికి హారం ఏమిటి? భిన్నంలో పైన ఉండేది లవమని, కింద ఉండేది హారమని బడిలో చదువుకున్నాం. వార్డు నర్సు చేతికి వచ్చేది లవం ఒక్కటే. చేరిన రోగులు, కోలుకున్నవారు, డిశ్చార్జి అయినవారు ఆమెకు తెలుస్తారు. రావలసి ఉండీ రానివారు ఎందరన్నది ఆమెకు తెలిసే మార్గం లేదు. జనారోగ్య నర్సు పని మొదలయ్యేదే ఆ రానివారి దగ్గర.

ఒక దవాఖానాలో బీపీ మాత్రలు తీసుకుంటున్నవారు 60 మంది, వారిలో 50 మందికి బీపీ అదుపులో ఉన్నదనుకుందాం. చూడగానే మంచి ఫలితమే. ఆ దవాఖానా పరిధిలో బీపీ ఉన్నవారు నిజానికి 600 మంది అయితే, అదుపులో ఉన్నది పన్నెండింట ఒక వంతు మందికి మాత్రమే. మిగిలిన 550 మందిలో కొందరు ఏదో ఒక రాత్రి పక్షవాతంతో గాంధీకో ఉస్మానియాకో చేరతారు. అక్కడి నర్సు ఎంత నేర్పుగా సేవ చేసినా, అప్పటికే పోయిన చేయి, పడిపోయిన మాట పూర్తిగా తిరిగి వస్తాయన్న భరోసా ఉండదు.

టీకాల విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తట్టు వ్యాపించకుండా ఆగాలంటే సుమారు 95 శాతం మంది పిల్లలకు రెండు డోసులూ అందాలి. నగరం మొత్తం మీద ఆ శాతం సాధించినప్పటికీ, టీకా పడని పిల్లలంతా ఒకే లేబర్ క్యాంపులో ఉంటే తట్టు అక్కడ పాకుతూనే ఉంటుంది. కొన్నేళ్ల కిందట కట్టడం పనులు సాగుతున్న ఒక ప్రాంతంలో మా విద్యార్థులు సర్వేకు వెళ్లినప్పుడు, ప్రహరీ వెనుక రేకుల షెడ్లలో ఐదేళ్లలోపు పిల్లలు 11 మంది కనిపించారు. వారిలో ఒక్కరి పేరు కూడా అక్కడి డ్యూ లిస్టులో, అంటే టీకా వేయవలసిన పిల్లల జాబితాలో, లేదు. ఆ కుటుంబాలు ఒడిశా నుంచి వచ్చింది గత సర్వే ముగిసిన తరువాత. లిస్టులో ఉన్న పిల్లలకు మాత్రం నూటికి నూరు శాతం టీకాలు పడ్డాయని రిజిస్టరు చెబుతున్నది. ఆ రోజు విద్యార్థులు నేర్చుకున్నది తరగతి గదిలో నేను ఏ సెమిస్టరులోనూ నేర్పలేకపోయాను.

ఈ చూపు మన నగరానికి కొత్తది కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాక, జ్వరపడినవారికి క్వినైన్ ఇవ్వడంతో పాటు దోమలు పెరిగే నీటి గుంటల మీద కూడా వైద్యుల దృష్టి పడింది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతతరం వారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట అలా మారింది. ఒక రోగిని చూడడమంటే అతని చుట్టూ ఉన్న ఊరిని కూడా చూడడమేనన్న జ్ఞాపకం ఆ పేరులో మిగిలి ఉన్నది.

ఉద్యోగాలను పోల్చడానికి ఇంకొక కొలబద్ద కూడా పనికివస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర ఆరోగ్య శాఖ జనారోగ్య నర్సు పనులను 17 రకాలుగా విడదీసి, వాటిని వ్యక్తి లేదా కుటుంబం, సమాజం, వ్యవస్థ అన్న మూడు అంచెల్లో చేయవచ్చునని ఒక చక్రం రూపంలో చూపింది. మన దగ్గరి క్షయ నివారణ పనికి దీన్ని అన్వయించి చూడండి. రోగి చేత ఆరు నెలల పాటు మాత్రలు మానకుండా వేయించడం మొదటి అంచె. ఆ ఇంట్లోనూ ఇరుగుపొరుగునా దగ్గుతున్నవారిని తెమడ పరీక్షకు పంపడం, జబ్బును దాచుకోనక్కర లేదని బస్తీకి నచ్చజెప్పడం రెండో అంచె. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో పేరు ఉండి కూడా బ్యాంకు ఖాతా వివరాలు సరిపోలక, నెలకు రావలసిన 1,000 రూపాయల పోషకాహార సాయం ఆగిపోయినవారి జాబితా తీసి, అధికారుల ముందు పెట్టి ఆ చిక్కు విప్పించడం మూడో అంచె. కింద చెప్పే ప్రతి కొలువులోనూ మూడు అంచెలూ ఎంతో కొంత ఉంటాయి. ఎక్కువ గంటలు ఏ అంచెలో గడుస్తాయన్నదే మీరు చూసుకోవలసినది.

బస్తీని వదలకుండా పనిచేయాలనుకుంటే

నగరంలో మొదట చెప్పవలసినది పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే అందరూ యూపీహెచ్‌సీ అనే కేంద్రం గురించి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒక కేంద్రం, సుమారు 10,000 మందికి ఒక ఏఎన్‌ఎం (ఇంటింటికీ తిరిగి తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సు), 1,000 నుంచి 2,500 మందికి ఒక ఆశా కార్యకర్త ఉండాలి. హారం ఇంత స్పష్టంగా రాసి ఉన్న కొలువు నగరంలో ఇంకొకటి లేదు. ఏఎన్‌ఎం చేతిలో ఇళ్ల వారీ సర్వే ఉంటుంది. గర్భిణుల పేర్లు, నెలల వారీ టీకాల డ్యూ లిస్టు, 30 ఏళ్లు దాటినవారిలో బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఎవరికి అయిందో ఎవరికి కాలేదో ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. బుధ, శనివారాల్లో టీకాల సెషన్లు నడుస్తాయి.

ఏఎన్‌ఎం కొలువుకు రెండేళ్ల ఏఎన్‌ఎం శిక్షణ ప్రధాన అర్హత. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ గానీ చదివినవారు అదే కేంద్రంలో స్టాఫ్ నర్సుగా చేరతారు, వారి పని ఎక్కువగా కేంద్రం నాలుగు గోడల మధ్య ఓపీ, ఇంజెక్షన్లు, గర్భిణుల పరీక్షలు, మందుల చుట్టూ తిరుగుతుంది. కాబట్టి బీఎస్సీ చదివి యూపీహెచ్‌సీలో చేరే అమ్మాయికి నేను తప్పక చెప్పేది ఏమిటంటే, ఏఎన్‌ఎంను మీ కింది ఉద్యోగిగా చూడకండి. ఆ పరిధిలో ఏ గల్లీలో ఎవరు ఉంటారో తెలిసిన వ్యక్తి ఆమె. వారానికి ఒక పూట ఆమెతో పాటు తిరిగితే, మీ ఓపీకి వచ్చేవారు ఎంత పెద్ద జాబితాలో ఎంత చిన్న భాగమో కళ్లకు కడుతుంది. ఇలా తిరిగే స్టాఫ్ నర్సులు నాకు తెలిసినంతలో తక్కువే, తిరిగినవారు మాత్రం మళ్లీ వార్డు వైపు చూడలేదు.

బస్తీ దవాఖానా సంగతి వేరు. 2018లో హైదరాబాదులో మొదలైన ఈ దవాఖానాల్లో ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు ఉంటారు. 5,000 నుంచి 10,000 మందికి ఒకటి చొప్పున, మనిషి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలన్నది ఉద్దేశం. నెత్తురు, మూత్ర నమూనాలు తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ప్రయోగశాలకు పంపుతారు. పని పగటిపూటే, రాత్రి డ్యూటీ ఉండదు. చిన్న పిల్లలున్న తల్లులకు ఇది ఎంతో ఊరట, అందువల్లనే ఈ కొలువును కోరుకునేవారు ఎక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, కాగితం మీద 10,000 మంది ఉన్నప్పటికీ నర్సు ముందుకు వచ్చేది తలుపు తోసుకుని వచ్చినవారే. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా జ్వరాలు, దగ్గులు, ఒంటి నొప్పులతో వరుస ఆగదు. సాయంత్రానికి ఓపీ సంఖ్య చూసుకుని ఇల్లు చేరితే, ఆ కొలువు చిన్న ఆసుపత్రిగానే మిగిలిపోతుంది.

దాన్ని జనారోగ్య కొలువుగా మార్చుకోవడం నర్సు చేతిలో పనే, అందుకు పై నుంచి ఉత్తర్వు కూడా అక్కరలేదు. బీపీ, షుగర్ రోగులకు ఒక రిజిస్టరు వేరుగా పెట్టి, ప్రతి పేరు ఎదుట మళ్లీ రావలసిన తేదీ రాసుకోవాలి. ప్రతి వారాంతంలో తేదీ దాటినా రానివారి పేర్లు ఒక కాగితం మీదకు ఎక్కించి ఆశా కార్యకర్తకు ఇవ్వాలి. నా విద్యార్థిని ఒకరు ఈ పద్ధతి పెట్టుకున్న కొన్ని వారాలకు, మందులు మానేసినవారిలో ఎక్కువమంది రోజుకూలీలని, దవాఖానా వేళకు పనిలో ఉండడమే వారు రాకపోవడానికి కారణమని తెలుసుకుంది. నెలకు సరిపడా మందులు ఒకేసారి ఇవ్వడానికి వైద్యుడిని ఒప్పించింది. అది మూడో అంచె పని. వ్యవస్థను ఒక్క మెట్టు జరిపింది.

పై రెండు కొలువుల్లోనూ భాష ముఖ్యం. పాతబస్తీలో దక్కనీ ఉర్దూ రాని నర్సు గర్భిణి మాటలో సగమే వింటుంది, మిగతా సగం అత్తగారి నోట వింటుంది. రాయడం రాకపోయినా ఫరవాలేదు, నాలుగు నెలల్లో మాట్లాడడం వచ్చేస్తుంది. ఆ శ్రమకు సిద్ధంగా ఉంటేనే అటువైపు పోస్టింగు కోరుకోండి.

నగరం దాటి వెళ్లగలిగితే

2018లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చారు. 2023లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. తెలంగాణ పల్లెల్లో వీటిని పల్లె దవాఖానాలంటారు. మైదాన ప్రాంతంలో 5,000, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉంటుంది, దాన్ని నడిపే వ్యక్తిని దేశంలో చాలాచోట్ల కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అని, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) అని పిలుస్తారు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ తరువాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తిచేసినవారు, ఆ పాఠాలు కలిసిన కొత్త బీఎస్సీ చదివినవారు దీనికి అర్హులు. మన రాష్ట్రంలో ఈ నియామకాలకు వైద్యులు, ఆయుర్వేద వైద్యులు కూడా పోటీలో ఉంటారు కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హతల క్రమాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.

హైదరాబాదు జిల్లా పూర్తిగా నగరమే అయినందువల్ల ఈ కొలువు కోసం రంగారెడ్డి, వికారాబాద్, సంగారెడ్డి వంటి జిల్లాలకు వెళ్లక తప్పదు. రోజూ రెండు బస్సులు మారి వెళ్లివచ్చేవారి పని నేను చూశాను, అక్కడే గది తీసుకుని ఉండేవారి పని కూడా చూశాను. సాయంత్రం నాలుగింటికే బస్సు వేళ చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీకి, పొలం నుంచి మనిషి తిరిగి వచ్చే వేళకు తలుపు తీసి ఉంచే ఎంఎల్‌హెచ్‌పీకి ఊరు ఇచ్చే నమ్మకం ఒకటి కాదు. హారం విషయంలో మాత్రం దీనికి సాటి లేదు: 5,000 మంది, వారిలో ప్రతి ఇల్లూ తెలిసిన ఏఎన్‌ఎం, ఆశాలు, ప్రోటోకాల్ మేరకు మీరే తీసుకోగలిగిన నిర్ణయాలు. ఒంటరిగా నిర్ణయం తీసుకోవడానికి భయపడేవారు, కుటుంబ బాధ్యతల వల్ల నగరం వదలలేనివారు దీన్ని ఎంచుకుని రెండు వైపులా నలిగిపోవద్దని నా సలహా. పోర్టళ్లలో వివరాలు ఎక్కించే పని చాలా ఉంటుందన్నది కూడా ముందే తెలుసుకోండి.

పాఠశాల ఆరోగ్యం గురించి క్లుప్తంగా చెబుతాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం లేదా స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు బృందంగా అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తారు. హారం చక్కగా తెలుస్తుంది, పని వేళలు బాగుంటాయి. కానీ గుర్తించిన పిల్లవాడికి ఆపరేషన్ అయిందా లేదా అన్నది వెంటపడి కనుక్కోకపోతే, మీ వంతు పని స్క్రీనింగుతోనే ఆగిపోతుంది.

కర్మాగారాల్లో నర్సు పనిని మన విద్యార్థులు తలచుకోనే తలచుకోరు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మందికి పైగా కార్మికులున్న చోట అంబులెన్స్ గది, అందులో వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలని నిర్దేశించింది. జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో ఇలాంటి కొలువులుంటాయి. జాబితా అంతా హాజరు పట్టీలోనే ఉంటుంది. ఎవరికి వినికిడి తగ్గుతున్నదో, ఏ షాపు ఫ్లోరులో చర్మం పొక్కుతున్నదో ఏడాది లెక్క వేస్తే యంత్రం దగ్గరి లోపం బయటపడుతుంది. అయితే జీతం ఇచ్చేది యాజమాన్యం కనుక, కనిపెట్టిన సంగతిని స్థిరంగా చెప్పగల ధైర్యం కావాలి. కాంట్రాక్టు కార్మికులు మీ లెక్కలోకి వస్తారా అని ఇంటర్వ్యూలోనే అడగండి.

నొప్పి నివారణ, ఉపశమన సేవలో ఇంటికి వెళ్లి చూసే నర్సుకు దొరికే తృప్తి వేరు. అది వ్యక్తి, కుటుంబం అన్న మొదటి అంచెలో అతి లోతైన పని. ఒక ప్రాంతంలో మంచం పట్టినవారందరి జాబితా తయారైతేనే అది జనారోగ్యం అవుతుంది. 2008లో కేరళ ప్రభుత్వం ఇందుకు విధానం ప్రకటించి స్థానిక సంస్థలను కలుపుకుపోయినందువల్లనే అక్కడ అది సాధ్యమైంది.

పై చదువు: ఎమ్మెస్సీయా, ఎంపీహెచ్‌యా

ఎక్కువమంది తొందరపడి తప్పు నిర్ణయం తీసుకునేది ఇక్కడే. ఎమ్మెస్సీ కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్, ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) రెండూ రెండేళ్ల చదువులే. రెండు పేర్లలోనూ జనారోగ్యం ధ్వనిస్తుంది. తెరుచుకునే తలుపులు మాత్రం వేరు.

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ ఒక ప్రత్యేక విభాగం. బీఎస్సీ తరువాత ఏడాది అనుభవం ఉండాలి. మన రాష్ట్రంలో ప్రవేశాలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చూస్తుంది. నర్సింగ్ కళాశాలలో లెక్చరర్, ఆపై స్థాయిలో బోధించాలంటే భారత నర్సింగ్ మండలి అడిగేది ఎమ్మెస్సీ నర్సింగ్ పట్టానే. ఎంపీహెచ్ చదివి ఆ తరువాత నర్సింగ్ అధ్యాపకురాలు కావాలని చూసి, మళ్లీ ఎమ్మెస్సీలో చేరవలసి వచ్చిన ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరూ తెలివైనవారే, రెండేళ్లు, బోలెడు డబ్బు పోయాయి. ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పేవారు లేకపోవడమే కారణం.

ఎంపీహెచ్‌ను హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, భారతీయ జనారోగ్య సంస్థ (ఐఐపీహెచ్)లోనూ చదవవచ్చు. తరగతిలో వైద్యులు, దంతవైద్యులు, ఫార్మసీ, సామాజిక శాస్త్రాల వారు మీ పక్కన కూర్చుంటారు. వ్యాధి వ్యాప్తి శాస్త్రం, గణాంకాలు, ఆరోగ్య విధానం, నిధుల లెక్కలు చదువుతారు. చదివాక వచ్చే కొలువులు ప్రభుత్వ కార్యక్రమాల పర్యవేక్షణ, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు; చాలావరకు ఏడాది రెండేళ్ల ఒప్పందాల మీద నడుస్తాయి. హారం గురించి ఇంత లోతుగా నేర్పే చదువు మరొకటి లేదన్నది నిజం. నర్సుగా చేరినవారికి తరగతిలో ఒక బలం కూడా ఉంటుంది, ఎందుకంటే పట్టికలో కనిపించే డ్రాపౌట్ అంకె వెనుక ఉన్న గల్లీని వారు చూసి వస్తారు.

చూసి వస్తేనే ఆ బలం. అందువల్ల బీఎస్సీ కాగానే నేరుగా ఎంపీహెచ్‌కు వెళ్లవద్దని నేను గట్టిగానే చెబుతాను. రెండేళ్లు యూపీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో పల్లె దవాఖానాలోనో పనిచేయండి. ఆ తరువాత కూడా రిజిస్టరు మూసేటప్పుడు రాని పేర్లు మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే ఎంపీహెచ్ మీకు తగినది. కొత్త నర్సుకు డ్యూ లిస్టు చదవడం నేర్పిన రోజు మీకు ఎక్కువ సంతోషం కలిగితే ఎమ్మెస్సీ మీది.

ఇక రెగ్యులర్, కాంట్రాక్టు తేడా. రాష్ట్రంలో నర్సింగ్ ఆఫీసర్లను, ఏఎన్‌ఎంలను రెగ్యులర్ పద్ధతిలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు ఎంపిక చేస్తుంది. జాతీయ ఆరోగ్య మిషన్ల కింద వచ్చే కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువి. కాంట్రాక్టు కొలువును చిన్నచూపు చూడనక్కర లేదు, జనం మధ్య పని చాలావరకు వారి భుజాల మీదనే నడుస్తున్నది. చేరే ముందు ఒప్పందం గడువు, పునరుద్ధరణ ఎవరి చేతిలో ఉన్నది, పీఎఫ్ కోత, ప్రసూతి సెలవు రాతపూర్వకంగా ఉన్నాయా అని చూసుకోండి. నోటి మాటను నమ్మి ప్రసవానికి వెళ్లి, తిరిగి వచ్చేసరికి స్థానంలో ఇంకొకరిని చూసిన అమ్మాయి కన్నీళ్లు నాకు గుర్తున్నాయి. మగ నర్సులకు ఏఎన్‌ఎం కొలువు తెరుచుకోదు. వారు ఎంఎల్‌హెచ్‌పీ, కర్మాగారాల నర్సింగ్, ఎమ్మెస్సీ, ఎంపీహెచ్ దారుల్లో చూసుకోవడం మంచిది.

ఇంత చదివాక కూడా తేలకపోతే, మీ ఇంటికి దగ్గరలోని యూపీహెచ్‌సీ వైద్యాధికారి అనుమతి తీసుకుని ఒక బుధవారం టీకాల సెషన్‌కు వెళ్లండి. వచ్చిన పిల్లలను చూస్తూ పొద్దున్నంతా గడపండి. సెషన్ ముగిశాక ఏఎన్‌ఎం వ్యాక్సిన్ క్యారియర్ మూతపెట్టి, డ్యూ లిస్టు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. టిక్కు పడని పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆమె ఫోను తీసి ఒక్కొక్కరికీ చేస్తుంటే, లేదా చెప్పులు వేసుకుని ఎండలో ఆ ఇళ్ల వైపు బయలుదేరితే, మీరు కూడా వెంట వెళ్లండి. మొదటి ఇంటి తలుపు తట్టేటప్పుడు మీకు ఏమనిపించిందో ఆ సాయంత్రం ఒక కాగితం మీద రాసుకుని, అప్పుడు దరఖాస్తు నింపండి.